వెనక సీట్లో కళ్ళు

తీగ మీద ఆరేసిన దిష్‌దాషాకు ఖుద్దూస్ భాయ్ సలాం కొట్టిన రోజునే సుందరమ్మకు సంగతి అర్థమైపోయింది.

అరబ్బుల దేశంలో, జహ్రా అనే ఊళ్ళో, ఆ ఇంటి పెరట్లో బట్టలారేసే తీగ ఒకటుంది. దాని మీద ఇంటాయన, అంటే పనివాళ్ళంతా బాబా అని పిలిచే పెద్దమనిషి, వేసుకునే పొడుగాటి తెల్ల అంగీ గాలికి ఊగుతోంది. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చిన డ్రైవర్ ఖుద్దూస్ దాని ముందు ఆగి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, వంగి మరీ "అస్సలాము అలైకుం బాబా" అన్నాడు. అంగీ జవాబివ్వలేదు. బాబాకు తన మీద ఎందుకో కోపం వచ్చిందనుకుని ఖుద్దూస్ ముఖం చిన్నబుచ్చుకుని తన గదిలోకి పోయాడు. వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసిన సుందరమ్మ చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకున్నాక గాని, రోజూ ఈ మనిషి తోలే కారులోనే తాను కూర్చుంటున్నానన్న సంగతి ఆమెకు గుర్తుకు రాలేదు.

అబ్దుల్ ఖుద్దూస్‌ది రాయచోటి. యాభై నాలుగేళ్ళ వయసు, గోరింటాకు పెట్టిన గడ్డం, మనిషి కన్నా ముందు గదిలోకి వచ్చే అత్తరు వాసన, గ్యారేజీ నీడలో కూడా తియ్యని నల్ల కళ్ళద్దాలు. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి తనే చెబుతాడు. "ఇరవై రెండేండ్లు. నా పేరు మింద ఒక్క ముఖాలఫా లేదు" అంటాడు. ముఖాలఫా అంటే ట్రాఫిక్ పోలీసులు రాసే చలానా. ఆ మాట అనేటప్పుడు, ఎవరో వచ్చి శాలువా కప్పబోతున్నట్టు భుజాలు సర్దుకుంటాడు.

జబ్బుమనిషంటే అతనికి మహా చులకన. పక్క వీధి డ్రైవర్ గంగరాజు ఒంట్లో చక్కెర పడిపోతుందని కారులో ఎప్పుడూ బిస్కెట్ల పొట్లం పెట్టుకుంటాడు. కళ్ళు తిరిగినట్టనిపిస్తే బండి పక్కకు తీసి, రెండు బిస్కెట్లు తిని, పావుగంట ఆగి గాని కదలడు. ఖుద్దూస్ ఆ గంగరాజు ముఖం మీదే అన్నాడు: "స్టీరింగ్ పట్టుకున్నోడు చంటిబిడ్డ మాదిరి బిస్కెట్లు చప్పరిస్తాడా! పొయ్యి బర్రెలు కాసుకోపో." గంగరాజు నవ్వి ఊరుకున్నాడు. నిజానికి ఆ వీధి డ్రైవర్లందరిలోనూ బుద్ధున్నవాడు గంగరాజు ఒక్కడే, కానీ బుద్ధున్నవాడి మాట వినేదెవరు?

రెండేళ్ళ కిందట లైసెన్సు రెన్యువల్ కోసం కళ్ళ పరీక్షకు పోయినప్పుడు ఈ వీరుడు చేసిన ఘనకార్యం ఒకటుంది. గోడ మీద పటంలో ఒకే అక్షరం, దాని మూడు కాళ్ళు ఒకసారి పైకి, ఒకసారి పక్కకి తిరిగి ఉంటాయి. ఆ కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించాలి. అంతకు ముందు వెళ్ళొచ్చిన డ్రైవరెవరో ఆ పటాన్ని ఫోన్‌లో ఫోటో తీసి తమ గ్రూపులో పెట్టాడు. ఖుద్దూస్ దాన్ని వారం రోజులు ఎక్కం బట్టీ పట్టినట్టు పట్టాడు. పైకి, కుడి, కుడి, కిందికి, ఎడమ. పరీక్ష చేసేవాడు పటం వైపు కర్ర చూపించకముందే ఇతను చెయ్యి ఊపేశాడట. ఆ ముక్క దాచుకోవలసిన సిగ్గు అని అతనికి తోచలేదు. సుందరమ్మకు రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాడు.

సుందరమ్మ మాత్రం తక్కువ తిన్నదా? ఆమెది కోనసీమలో మలికిపురం దగ్గర పల్లె. నలభై మూడేళ్ళు. ఈ ఇంట్లో వంటకూ, పిల్ల పనికీ కుదిరి నాలుగేళ్ళయింది. పుట్టినప్పటి నుంచీ నోట్లోంచి 'అండి' లేకుండా మాట రాదు, మనసులో తిట్టు లేకుండా ఆ 'అండి' రాదు. ఇంటావిడను, అంటే మామాను, చూస్తే ఆమెకు వెటకారం: అద్దం ముందు వరసగా పద్నాలుగు సెంటు సీసాలు, గుడ్డు ఉడకబెట్టడం మాత్రం రాదు. బాబాను చూస్తే వెటకారం: పొద్దస్తమానం ఫోన్‌లో గుర్రాల బొమ్మలు. అందరినీ మించి ఖుద్దూస్‌ను చూస్తే. వచ్చిన నాటి నుంచీ అతను ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "ఏ వంటిల్లూ" అనేవాడు. ఆ పిలుపును ఆమె నాలుగేళ్ళుగా ఊరగాయలా జాడీలో పెట్టి దాచుకుంది.

మొన్న వేసవి దాకా ఆమె కారెక్కింది లేదు. జూన్‌లో ఒక రోజు ఖుద్దూస్ కారును గ్యారేజీ స్తంభానికి రాసి ఎడమ అద్దం విరగ్గొట్టాడు. స్తంభం తప్పే అన్నాడు. ఆ వారమే మామా సుందరమ్మను పిలిచి, "ఇవాళ్టి నుంచి దలాల్‌తో పాటు నువ్వూ కారులో వెళ్ళు. పిల్ల ఒక్కతే పోవడం బాగోదు" అంది. దలాల్ ఆ ఇంటి గారాల పట్టి, ఒక్కగానొక్క కూతురు, అయిదేళ్ళది. సుందరమ్మ పొంగిపోయింది. వంటింటి పొగ తప్పింది, రోజూ బజారు మొహం చూడొచ్చు, తన విలువ ఇన్నాళ్ళకు ఇంటావిడ కళ్ళకు ఆనింది. అలా అనుకుంది పిచ్చి మనిషి.

పనిమనిషి ముందు సీట్లో కూర్చోవడం ఆ ఇంట్లో కుదరదు. వెనక కుడివైపు సుందరమ్మ, ఎడమవైపు దలాల్, ఆ దేశంలో స్టీరింగ్ ఎడమవైపే కాబట్టి సరిగ్గా డ్రైవర్ వెనక. ఖుద్దూస్ సీటును కాళ్ళతో తన్నడం పిల్లకు సరదా, అందుకని ఆ చోటు వదలదు. దలాల్ కోసం మామా ఎంతో ఖరీదైన పిల్లల సీటు తెప్పించింది. అది గ్యారేజీలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, రెండేళ్ళుగా కూర్చుని ఉంది.

దిష్‌దాషాకు సలాం కొట్టింది ఆగస్టులో. సెప్టెంబర్‌లో స్కూళ్ళు తెరిచిన మొదటి వారం, స్కూలుకు పోయే దారిలో ఎర్ర లైటుంటే ఖుద్దూస్ ఆగకుండా పోతున్నాడు. సుందరమ్మ ముందు సీటు పట్టుకుని లేచింది.

"ఎర్రండి! ఎర్ర! ఆపండి బాబూ!" అని అరిచింది.

కారు తెల్లగీత దాటి కీచుమని ఆగింది. ఎదురుగా బళ్ళు సర్రుమని పోయాయి. ఖుద్దూస్ వెనక్కి తిరగలేదు. అద్దాలు సర్దుకుని, నింపాదిగా, "ఎండ మొగాన పడతాండాది. నువ్వు కొంచెం గట్టిగా చెప్తాండు సుందరమ్మా" అన్నాడు. నాలుగేళ్ళలో పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

మర్నాడు అతను అడగనూ లేదు, ఆమె ఒప్పుకున్నాననీ అనలేదు. సిగ్నల్ వచ్చేసరికి ఆమె నోటి నుంచి "ఎర్ర" అని దానంతటదే వచ్చింది. కాసేపటికి "పచ్చ" అని వచ్చింది. కారు ఆగింది, కదిలింది. ముందు వేరే బండి ఉంటే ఖుద్దూస్ దాని తోక పట్టుకుని పోగలడు. పక్కన బళ్ళు ఉన్నా వాటిని చూసి కదలగలడు. ముందూ పక్కా ఖాళీ అయితే, అందులోనూ ఎండ ఎదురైతే, అతనికి సుందరమ్మ నోరే దిక్కు.

ఇందుకు ప్రతిఫలం శుక్రవారం, అక్కడి సెలవు రోజు. మామా పనివాళ్ళను ఒంటరిగా గడప దాటనివ్వదు. ఇరవై రెండేళ్ళ నమ్మకం అడ్డుపెట్టి ఖుద్దూస్ ఇంటావిడతో మాట్లాడి, శుక్రవారం పొద్దున సుందరమ్మను సిటీలో తెలుగు క్రైస్తవుల ప్రార్థనకు దింపి తెచ్చే ఏర్పాటు చేశాడు. దారి పొడుగునా ఆమె ఎర్ర, పచ్చ చెబుతుంది, అతను తోలుతాడు. వారంలో ఆ మూడు గంటలు సుందరమ్మ తన వాళ్ళ మధ్య కూర్చుని, తన భాషలో గొంతెత్తి పాడుకుంటుంది. ఆ మూడు గంటల కోసం ఆమె నోరు కుట్టేసుకుంది. గుడ్డివాడు పసిబిడ్డను ఎక్కించుకుని తిరుగుతున్నాడని ఇంటావిడకు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెబితే శుక్రవారం పోతుంది. అందుకని చెప్పలేదు. దీనికి ఇంకో పేరు పెట్టడానికి ఆమె చాలా ప్రార్థనలు చేసింది గానీ, దీని పేరు స్వార్థమే.

ప్రార్థనకు వచ్చేవాళ్ళలో భీమవరం నుంచి వచ్చిన నర్సు క్రిస్టీనా ఒకతి. ఏదో ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో పని. ఒక శుక్రవారం సుందరమ్మ ఆమె పక్కన చేరి, ఖుద్దూస్ తోలుతూ గొణుక్కునే మాటలనే ఊళ్ళో బాబాయి సంగతన్నట్టు అడిగింది.

"మా బాబాయికండి, ఎండలోకొస్తే అంతా తెల్లగా పొగ కమ్మేసినట్టుంటందంటండి. ఎదురుగా లైటుంటే చుట్టూ దారాలు దారాలుగా కనపడతందంట. ఏంటండీ అది?"

"శుక్లాలక్కా. కంట్లో పొర ముదిరిపోతే అంతే. ఆపరేషన్ అరగంట. మర్నాటికి చూపొచ్చేస్తది. ఆయన బండి నడపడం లేదు కదా?"

"బండేంటండి, ఎడ్లబండి" అంది సుందరమ్మ.

క్రిస్టీనా నవ్వలేదు. "మా వార్డుకు రోజూ వస్తారక్కా. చూపు మందగించినోళ్ళు, ఫిట్స్ దాచిపెట్టి లైసెన్సు తెచ్చుకున్నోళ్ళు, రాత్రంతా గురకపెట్టి పగలు స్టీరింగ్ మీద కునికేవాళ్ళు. అందరిదీ ఒకటే పాట: నాకేం కాదు సిస్టర్. వాళ్ళకేం కాదు, నిజమే. అయ్యేది ఎదురొచ్చినోడికి" అంది.

ఆ రోజు తిరిగొస్తూ సుందరమ్మ ఖుద్దూస్‌తో అంది: "భాయ్ గారూ, ఊరెళ్ళి ఓ అరగంట ఆపరేషన్ చేయించుకోకూడదాండీ?"

"ఎవురికి ఆపరేషన్? నాకా? నాకేమైంది?" అని ఖుద్దూస్ గుడ్లురిమాడు. "ఊరికి పోతే ఆడనే ఉండిపోవాల. నేను తిరిగొచ్చేలోగా బాబా ఇంకోణ్ణి పెట్టుకుంటాడు. ఇరవై రెండేండ్లు, ఒక్క ముఖాలఫా..."

"ఎర్రండి" అంది సుందరమ్మ. కారు ఆగింది.

లోపల ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. తనను వంటిల్లు అని పిలిచిన మనిషి ఇప్పుడు తన ఒక్క మాటకు ఆగుతాడు, ఒక్క మాటకు కదులుతాడు. ఒక్కోసారి పచ్చ పడ్డాక కావాలనే రెండు క్షణాలు ఆలస్యంగా చెప్పేది. అతను మెడ సాచి, నోరు తెరుచుకుని, ఆమె గొంతు కోసం ఎదురుచూడడం చూసి తృప్తిపడేది. ఇంత అసహ్యించుకునే మనిషి చేతిలో ప్రాణం పెట్టి రోజూ తిరగడం ఏం తెలివి అని ఆమె తనను తాను అడిగి ఉంటే బాగుండేది.

పక్కన కూర్చుని, సుందరమ్మను సుందా అని పిలిచే దలాల్‌కు ఇదంతా ఆట. అరబ్బీ పిల్ల నెల తిరిగేసరికి ఎర్ర, పచ్చ నేర్చేసింది. ఇంట్లో కుర్చీలు వరసగా పేర్చి, ముందు కుర్చీలో బొమ్మను కూర్చోబెట్టి, వెనక తాను కూర్చుని "ఎర్రా! పచ్చా!" అని అరిచేది. అచ్చం సుందరమ్మ యాసే, ఆ సాగదీత కూడా అదే. ఒక సాయంత్రం మామా ఆ ఆట చూసి, అదేం భాష అని అడిగింది.

"రంగులు నేర్పుతున్నాను మామా. ఎరుపు, ఆకుపచ్చ" అంది సుందరమ్మ తన వంటింటి అరబ్బీలో.

మామా ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. "మంచిది, నేర్పు" అని లేచి వెళ్ళిపోయింది.

డిసెంబర్ వచ్చింది. క్రిస్మస్ పాటల్లో మొదటి పాట సుందరమ్మే ఎత్తుకోవాలని సంఘంలో నిర్ణయించారు. నలభై మూడేళ్ళ జీవితంలో ఎవరూ ఆమెను ముందు వరసలో నిలబెట్టలేదు. రోజూ అంట్లు తోముతూ సాధన చేసింది. ఆ పాటలున్న శుక్రవారం పొద్దున బాగా మంచు పట్టింది. ఎనిమిదింటికల్లా జరీచీర కట్టుకుని వెనక గేటు దగ్గర నిలబడింది. ఏడింటికి రొట్టెలు తేవడానికి పోయిన ఖుద్దూస్ జాడ లేదు. ఫోన్ చేస్తే తియ్యడు. తొమ్మిదైంది, పదైంది. చీర కుచ్చిళ్ళు చెమ్మకు తడిసి బరువెక్కాయి. మంచు విడిపోయాక పదకొండింటికి తీరిగ్గా వచ్చాడు.

"దోస్తులు నాస్తాకు పట్టుకున్నారు. ఇప్పుడు పొయ్యేదేముంది, ఖలాస్. నీ పాటలేవో ఇంట్లోనే పాడుకో" అని, ఆమె వైపు చూడకుండా గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

సుందరమ్మ ఏడవలేదు. చీర విప్పి, మడతపెట్టి, వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు తరిగింది. కడుపులో మంట మాత్రం అయిదు రోజులు ఆరలేదు. నా నోరు లేకపోతే నీ బతుకేంటో నీకు చూపిస్తానురా అనుకుంది. అనడమే కాదు, ఎలా చూపించాలో కూడా ఆలోచించుకుంది. నోరు తెరవకుండా కూర్చుంటే చాలు. ఖుద్దూస్ ఆగిన చోటే ఆగిపోతాడు. వెనకవాళ్ళు హారన్లు కొడతారు. బతిమాలుకుంటాడు. అప్పుడు చెప్పొచ్చు. తన పథకంలో ప్రమాదం ఎక్కడుందో ఆమెకు కనపడలేదు. కళ్ళు బాగున్నవాళ్ళకు కనపడనివి ఎన్నో ఉంటాయి.

బుధవారాలు దలాల్ స్కూలు నుంచి ముబారక్ అల్ కబీర్ అనే ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఇంటికి పోయి, సాయంత్రం వస్తుంది. ఆ బుధవారం నాలుగు గంటలవుతుండగా తిరిగి జహ్రాలోకి వచ్చారు. డిసెంబర్ పొద్దు అప్పటికే వాలిపోయి అద్దం నిండా నిలబడింది. ఊళ్ళోకి తిరిగే చోట సిగ్నల్.

"ఎర్ర" అంది సుందరమ్మ. కారు ఆగింది. వీళ్ళే ముందు. పక్క లైన్లు ఖాళీ. వెనక ఒక్క కారు.

పచ్చ పడింది. సుందరమ్మ తన పక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వెనక హారన్ మోగింది.

"ఏమాయ సుందరమ్మా? ఇంకా ఎర్రనేనా?" అన్నాడు ఖుద్దూస్.

ఆమె పలకలేదు. రోడ్డు పక్కన ఎవరిదో శీతాకాలపు డేరా అమ్మకానికి పెట్టి ఉంది. దాన్ని చాలా శ్రద్ధగా చూసింది.

"చెప్పవేమే? ఓ సుందరమ్మా! వాడెవుడో చెవులు పగలగొడతాండాడు!"

ఖుద్దూస్ గొంతులో అధికారం పోయి వణుకు వచ్చింది. సుందరమ్మకు వెన్నులో చల్లగా, హాయిగా అనిపించింది. ఇంకొక్కసారి అడగనీ అనుకుంది. ఆ సిగ్నల్‌లో పచ్చ ఎక్కువసేపు ఉండదు. మళ్ళీ ఎర్ర పడింది. వెనకవాడు ఒళ్ళు మండి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

సుందా ఎందుకో ఆడడం లేదు. దలాల్‌కు విసుగొచ్చింది. తన వంతే అనుకుంది. ముందు సీటును రెండు కాళ్ళతో తన్ని, అచ్చం సుందరమ్మ గొంతుతో, ఆ సాగదీతతోనే, "పచ్చా!" అని అరిచింది.

"ఆఁ, ఇప్పుడు చెప్తివా" అని ఖుద్దూస్ కాలు అదిమేశాడు.

సుందరమ్మ తల తిప్పేసరికి కారు కూడలి మధ్యలో ఉంది. "ఎర్ర" అన్న మాట నోటి దాకా వచ్చింది గానీ, ఎడమ పక్కనుంచి పికప్ అంతకన్నా ముందు వచ్చింది. అది వచ్చి తగిలింది వెనక ఎడమ తలుపుకు.

అక్కడి నుంచి ఆసుపత్రి దాకా ఏం జరిగిందో సుందరమ్మకు వరసగా గుర్తులేదు. గాజుపెంకులు గుర్తున్నాయి. దలాల్ ఎడమ కాలు ఉండవలసిన తీరులో లేకపోవడం గుర్తుంది. తనకు మాత్రం నుదుటి మీద గీత పడింది, అంతే.

ఆసుపత్రిలో డాక్టర్లు పిల్ల తొడ ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. బతుకుతుంది, నడుస్తుంది, నడక సమంగా ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. అవతల గదిలో ఖుద్దూస్ భుజానికి కట్టుతో పడుకుని ఉన్నాడు. పక్కన పోలీసు. పికప్ తోలినవాడికి దెబ్బలు తగల్లేదు గానీ, ఎర్రలో వచ్చింది ఇతనేనని వాడూ, వెనక కారువాడూ చెప్పేశారట. కుర్ర డాక్టరొకడు ఖుద్దూస్ కళ్ళలోకి లైటు వేసి చూసి, పోలీసును అడిగాడు: "ఇతనా? ఇతనేనా కారు నడిపింది?" జవాబు విన్నాక కూడా ఇంకోసారి అదే అడిగాడు.

ఖుద్దూస్ నల్ల కళ్ళద్దాలు పోయాయి. అవి లేకుండా అతని ముఖం సుందరమ్మ ఎన్నడూ చూడలేదు. రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు మధ్య పాలచుక్క పడ్డట్టుంది. ఆమె వచ్చిన చప్పుడు విని తల తిప్పాడు, ఆమె నిలబడని వైపుకు.

"సుందరమ్మా. ఆ శుక్కురవారం నేను నాస్తాకు పోలా. మంచు పట్టిందే, గేటు దాటినాక నాకు రోడ్డే కనపడలా. మలుపు కాడ బండి పక్కన పెట్టుకోని కూసున్నా, నాలుగు గంటలు. చెప్పుకుంటే సిగ్గు గదా."

కంటిమీది పొర ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డ మనిషికి పసిపిల్లను ఎక్కించుకు తిరగడానికి సిగ్గు లేకపోయింది. ఆ మాటే ఉమ్మినట్టు అనాలని నోరు తెరిచి, సుందరమ్మ అనలేకపోయింది. అనే హక్కు ఎక్కడో జారిపోయిందని అప్పుడే తెలిసింది. బయటికి వచ్చింది.

వసారాలో మామా గోడకానుకుని నిలబడి ఉంది. బాబా పోలీస్ స్టేషన్‌కు పోయాడు. సుందరమ్మ తిన్నగా ఆమె ముందుకు వెళ్ళింది. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్టు, రద్దు చేస్తారా, చెయ్యనీ. విమానం ఎక్కిస్తారా, ఎక్కించనీ. జీవితంలో ఒక్కసారి నిజం చెబుతాననుకుంది. వచ్చీరాని అరబ్బీలో మొత్తం చెప్పేసింది. ఖుద్దూస్‌కు చూపు లేదు. మూడు నెలలుగా సిగ్నళ్ళు చెబుతున్నది తానే. శుక్రవారం పోతుందని మీ దగ్గర దాచాను. ఇవాళ కోపంతో నోరు మూసుకున్నాను.

మామా అంతా విన్నది. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. కానీ ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. సుందరమ్మ దాని కోసం వెతికింది, ఇసుమంత కూడా లేదు.

"అతనికి కనపడదని నాకు తెలుసు" అంది మామా. "అద్దం విరగ్గొట్టిన రోజు నుంచీ తెలుసు. అందుకే కదా నిన్ను కారులో కూర్చోబెట్టింది."

జూన్‌లో తాను పొంగిపోయిన రోజు సుందరమ్మకు గుర్తొచ్చింది.

"కొత్త డ్రైవరంటే వీసా, పరీక్షలు, నెలల పని. ఇతను పాతవాడు, నమ్మకస్తుడు. నీ కళ్ళు బాగున్నాయి. సరిపోతుందనుకున్నాను." మామా గొంతు ఉన్నట్టుండి పెరిగింది. "నిన్ను పెట్టింది దానికే! నువ్వెందుకు నోరు మూసుకున్నావు?"

కన్నబిడ్డను గుడ్డివాడి వెనక కూర్చోబెట్టి, వాడికి పనిమనిషి నోటిని కళ్ళజోడుగా తగిలించి, సెంటు పూసుకుని ఇంట్లో కూర్చున్న తల్లి. ఆమె ముఖాన కొట్టడానికి సుందరమ్మ దగ్గర నాలుగేళ్ళుగా పోగేసిన తిట్లున్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. ఎందుకు నోరు మూసుకున్నావన్నదానికి జవాబు తన దగ్గర ఉంది. ఖుద్దూస్ బతిమాలుతుంటే వినడం బాగుంది కాబట్టి. అంతకు మించి ఏమీ లేదు.

లోపల నుంచి "సుందా" అని పిలుపు వచ్చింది. ఆమె వెళ్ళింది. దలాల్ కాలు కట్లతో బరువులకు వేలాడుతోంది. మందు మత్తులో పిల్ల కళ్ళు సగం తెరిచి చూసింది. అమ్మ ఏడ్చినట్టుంది, ఖుద్దూస్ కనపడడం లేదు, అందరూ ఏదో గుసగుసలాడుతున్నారు. తానేదో తప్పు చేశానని ఆ చిన్న బుర్రకు తోచింది.

"నేను పచ్చా అన్నాను కదా సుందా" అంది, అరబ్బీలో, మెల్లగా. "నేను సరిగ్గానే అన్నానా? నీలాగే అన్నానా?"

సుందరమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"అచ్చం నాలాగే అన్నావు తల్లీ" అంది.

గుమ్మం దగ్గర మామా ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. ఈ వారంలోనే తనకు ఇంకో డ్రైవర్ కావాలంటోంది.